రాడ్ మీద నిజంగా ఎంత బరువుంది? కేజీలు, పౌండ్లు కలిసిపోయిన జిమ్‌లో లెక్క చూసుకోవడం ఎలా

చెన్నై పెరుంగుడిలో నేను వెళ్లే జిమ్ ఓ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఉంటుంది. ఓఎంఆర్ రోడ్డులోని ఐటీ ఆఫీసులు వదిలాక అక్కడ చేరేవాళ్లలో సగం మంది మన తెలుగువాళ్లే. మాస్టర్ తమిళాయన. చెన్నైలో ట్రైనర్‌ని మాస్టర్ అనే పిలుస్తారు, నెల్లూరు నుంచి వచ్చిన నాకూ వారంలో అదే అలవాటైపోయింది. రెండేళ్ల కిందట ఆయన మూతపడ్డ ఇంకో జిమ్ నుంచి ఒక సెట్ రబ్బరు ప్లేట్లు చవగ్గా కొనుక్కొచ్చి పాతవాటిలో కలిపేశారు.

ఆ వారమే ఒక సాయంత్రం స్క్వాట్ (రాడ్ భుజాల మీద పెట్టుకుని కూర్చుని లేవడం) చేస్తుంటే మూడోసారి రాడ్ ఎడమపక్కకి లాగడం మొదలైంది. తప్పు నా నడుములోనే ఉందనుకున్నాను. రాడ్‌ని ర్యాక్‌లో పెట్టి అద్దంలో చూసుకుంటే భుజాలు సమానంగానే ఉన్నాయి. అటూ ఇటూ ఒక నీలం ప్లేటు, ఒక ఆకుపచ్చ ప్లేటు. అన్నీ ఒకే ఎత్తు. చూపుకి ఏ తేడా లేదు. ఫోన్ లైటు వేసి, అరిగిపోయిన అక్షరాల మీద దుమ్ము గోటితో గీకితే అప్పుడు తెలిసింది. కుడిపక్క నీలం దాని మీద 20, ఎడమపక్క నీలం దాని మీద 45. కుడి ఆకుపచ్చ 10, ఎడమ ఆకుపచ్చ 25. ఎడమవన్నీ పౌండ్లు. ఎడమపక్క 31.75 కేజీలు, కుడిపక్క 30. పావు తక్కువ రెండు కేజీలు ఒక్క భుజం మీదే అదనంగా కూర్చున్నాయి. పైగా ఆ రోజు డైరీలో రాడ్ 20 కలిపి 80 అని రాసుకున్నాను, ఎత్తింది 81.75.

ఇలాంటి జిమ్ మీదీ అయితే, ఈ కింది పనులు వరుసగా చేసుకుంటూ రండి. ఒక్క ఆదివారం పొద్దున సరిపోతుంది.

ముందు ఏ పౌండో తెలుసుకోండి

చెన్నైలో ఈ మాటకి అర్థాలు ఎక్కువ. టీ నగర్‌లో నగల షాపుకెళ్తే పౌను అంటే 8 గ్రాముల బంగారం. కేక్ ఆర్డర్ ఇస్తే కొందరు బేకరీవాళ్లు అర కేజీనే పౌండ్ అనేస్తారు. జిమ్ పౌండ్ ఈ రెండూ కాదు. 1959లో అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా కలిసి ఖాయం చేసుకున్న పౌండ్ ఇది: 0.45359237 కేజీ. తిప్పి చూస్తే 1 కేజీకి 2.2046 పౌండ్లు.

ప్లేటు మీద మాత్రం పౌండ్ అని ఉండదు, ఎల్‌బీ అని ఉంటుంది. పౌండ్‌లో లేని ఎల్, బీ ఎక్కణ్నుంచి వచ్చాయని మా తమ్ముడు ఒకసారి అడిగాడు. లాటిన్‌లో లిబ్రా అంటే త్రాసు, తూకం. తులారాశిని ఇంగ్లీషు జాతకాల్లో లిబ్రా అంటారు చూడండి, అదే.

రాడ్‌ని తూచండి

ఎక్కువమంది తప్పు మొదలయ్యేది ఇక్కడే. "అన్నా, ఈ రోజు 40 కొట్టా" అంటాడు ఒకడు, ప్లేట్లు మాత్రమే కూడి. ఇంకొకడు కనిపించిన ప్రతి రాడ్‌నీ 20 అనేస్తాడు. ఇద్దరి డైరీలూ ఎందుకూ పనికిరావు.

వెయిట్‌లిఫ్టింగ్ పోటీల్లో మగవాళ్ల రాడ్ 20 కేజీలు, పొడవు 2.2 మీటర్లు, పట్టుకునే చోట మందం 28 మిల్లీమీటర్లు. ఆడవాళ్లది 15 కేజీలు, పొడవు 2.01 మీటర్లు, మందం 25 మిల్లీమీటర్లు. ప్లేట్లు ఎక్కే చివరలు రెండింటికీ 50 మిల్లీమీటర్లే. దూరం నుంచి చూస్తే ఏది ఏదో తెలీదు. పట్టుకుంటే తెలుస్తుంది, సన్నది 15. అమెరికా లెక్కలో రాడ్ 45 పౌండ్లు, అంటే 20.41 కేజీలు. 20 కేజీల రాడ్‌కీ దీనికీ తేడా 400 గ్రాములు. దీని గురించి టెన్షన్ పడొద్దు.

టెన్షన్ పడాల్సింది లోకల్ సన్న రాడ్‌ల విషయంలో. వీటి ప్లేట్లకి చిన్న బొక్క ఉంటుంది, మూడు సెంటీమీటర్లు కూడా ఉండదు. ఐదడుగులవి, ఆరడుగులవి, ఏడడుగులవి, బైసెప్స్‌కి వాడే జెడ్ రాడ్ అన్నీ ఈ రకంలో దొరుకుతాయి. వీటికి ఒక స్థిరమైన బరువంటూ లేదు, చేసినవాడి చేతిలో ఉంటుంది. చివరలు లావుగా ఉన్న ఏడడుగుల రాడ్ ఒకటి మా జిమ్‌లో "ఇరవై" అని పేరు పెట్టుకుని తిరిగేది. తూస్తే 16.8 వచ్చింది.

తూచడానికి ఇంట్లో బరువు చూసుకునే డిజిటల్ మిషన్ చాలు. గట్టి టైల్స్ మీద పెట్టండి, రబ్బరు మ్యాట్ మీద పెడితే అంకె తప్పు చూపిస్తుంది. ముందు మీరొక్కరే ఎక్కి చూసుకోండి. తర్వాత రాడ్‌ని నడుము దగ్గర అడ్డంగా పట్టుకుని ఎక్కండి. రెండో అంకెలోంచి మొదటిది తీసేయండి. మూడు సార్లు చేసి మధ్య అంకె తీసుకోండి.

మిషన్ మీదే అనుమానం ఉంటే దాన్నీ పరీక్షించొచ్చు. చెన్నైవాళ్లకి ముందు గుర్తొచ్చేది 20 లీటర్ల వాటర్ క్యాన్, కానీ దాన్ని మూతిదాకా నింపారో లేదో మనకి తెలీదు. సీల్ తీయని లీటరు బాటిళ్లు డజను ఉన్న కేసు దీనికి బాగుంటుంది. నీళ్లే 12 కేజీలు, పైన ప్లాస్టిక్ కాస్త. బియ్యం సంచీ వాడతానంటే మాత్రం దాని మీది అంకె ఒకసారి చదవండి. 2022లో 25 కేజీల దాకా ఉన్న ప్యాకింగ్ బియ్యానికి జీఎస్టీ వేశాక చాలామంది వ్యాపారులు 26 కేజీల సంచులకి మారిపోయారు. పాత అలవాటులో 25 అనుకుంటే మీ మిషన్ కేజీ ఎక్కువ చూపిస్తోందని ఉత్తపుణ్యానికి తిట్టుకుంటారు.

వచ్చిన బరువుని తెల్ల పెయింట్‌తో రాడ్ చివరన రాయించండి. మాస్టర్‌ని అడిగే చేయండి, ఆయన రాడ్ కదా.

ప్లేటు మీద అంకె కాదు, అంకె పక్కన చూడండి

కేజీ ప్లేట్లు 25, 20, 15, 10, 5, 2.5, 1.25 అంకెల్లో వస్తాయి. పౌండ్ ప్లేట్లు 45, 35, 25, 10, 5, 2.5. రెండు జాబితాల్లోనూ ఉన్న 25, 10, 5, 2.5 దగ్గరే మోసపోతాం. 45 గానీ 35 గానీ కనిపిస్తే అది పౌండ్ ప్లేటే. 20, 15, 1.25 కనిపిస్తే దాదాపుగా కేజీయే. 25 అని ఉంటే మాత్రం ఆగి, అక్షరాలు వెతకండి. 25 కేజీలు ఎక్కడ, 25 పౌండ్లు ఎక్కడ, సగం కూడా రాదు.

పౌండ్ ప్లేట్ల అసలు బరువులు ఇవి. ఫోన్‌లో రాసి పెట్టుకోండి.

45 పౌండ్లు – 20.41 కేజీలు
35 పౌండ్లు – 15.88 కేజీలు
25 పౌండ్లు – 11.34 కేజీలు
10 పౌండ్లు – 4.54 కేజీలు
5 పౌండ్లు – 2.27 కేజీలు
2.5 పౌండ్లు – 1.13 కేజీలు

కొన్ని ప్లేట్ల మీద "45 ఎల్‌బీ, 20 కేజీ" అని రెండూ అచ్చేసి ఉంటాయి. రెండూ ఒకేసారి నిజం కావు. అలాంటి దాన్ని తూచేదాకా నమ్మొద్దు.

డంబెల్స్‌లోనూ ఇదే గొడవ. ఒంగోలు నుంచి కొత్తగా వచ్చిన కుర్రాడొకడు మొదటి వారమే 40 డంబెల్స్‌తో బెంచ్ కొడుతుంటే మేమంతా నోరెళ్లబెట్టి చూశాం. అవి 40 పౌండ్లవి, ఒక్కోటి 18.14 కేజీలు. అదీ తక్కువేం కాదు గానీ, వాడు అప్పటికే ఇంటికి ఫోన్ చేసి 40 కేజీలని చెప్పేశాడు. పిన్నులు గుచ్చి వాడే మెషిన్ల సంగతి వదిలేయండి. కప్పీలు ఎన్ని ఉన్నాయన్న దాన్ని బట్టి చేతికి తగిలే బరువు మారిపోతుంది. ఒక జిమ్ మెషిన్‌లో 50కీ ఇంకో జిమ్ మెషిన్‌లో 50కీ చుట్టరికం లేదు. ఆ మెషిన్ అంకెని ఆ మెషిన్‌తోనే పోల్చుకోండి.

రంగుని నమ్మితే ఏమవుతుంది

అంతర్జాతీయ వెయిట్‌లిఫ్టింగ్ నియమాల్లో రంగులు ఖాయం. 25 ఎరుపు, 20 నీలం, 15 పసుపు, 10 ఆకుపచ్చ, 5 తెలుపు. చిన్నవాటికీ అదే వరస మళ్లీ వస్తుంది: 2.5 ఎరుపు, 2 నీలం, 1.5 పసుపు, 1 ఆకుపచ్చ, అర కేజీ తెలుపు. టీవీలో పోటీ చూసేటప్పుడు రంగులు కూడుకుంటే స్క్రీన్ మీద అంకె రాకముందే బరువు చెప్పేయొచ్చు. మా ఇంట్లో ఇదో ఆట. ఒక్కటి మర్చిపోకండి, పోటీల్లో ప్లేట్లు జారకుండా బిగించే లాక్ ఒక్కోటి 2.5 కేజీలు. 20 రాడ్, లాకులు 5, అంటే ప్లేట్లు ఎక్కకముందే 25.

పౌండ్ రబ్బరు ప్లేట్లు చేసేవాళ్లు చాలామంది ఈ రంగుల్నే దగ్గరి బరువులకి వాడుకున్నారు. 55 ఎరుపు, 45 నీలం, 35 పసుపు, 25 ఆకుపచ్చ. పైగా రెండు రకాలకీ వ్యాసం ఒకటే, 450 మిల్లీమీటర్లు. నీలం దగ్గర తేడా 400 గ్రాములే, పసుపు దగ్గర దాదాపు 900 గ్రాములు, ఆకుపచ్చకి వచ్చేసరికి ఒక కేజీ 340 గ్రాములు. నన్ను పక్కకి లాగింది ముఖ్యంగా ఆ ఆకుపచ్చే. ఇక రంగులేని నల్ల ఇనప ప్లేట్లు, ఎవరో ఇష్టమొచ్చినట్టు పెయింట్ కొట్టినవీ ఉన్న చోట రంగు చూసి ఎక్కించడమంటే గుడ్డెద్దు చేలో పడ్డట్టే.

ఎక్కించేటప్పుడు

రెండు పక్కలా ఒకే రకం ప్లేట్లు ఉండాలి. మొత్తం బరువు కాస్త అటూ ఇటూ అయినా కొంప మునగదు, ఒక పక్క ఎక్కువైతేనే ప్రమాదం. కుడికి 45 పౌండ్ల ప్లేటు వేస్తే ఎడమకీ అదే. జత దొరక్కపోతే ఆ రెండు రకాలూ వదిలేసి వేరే జత వెతకండి. "ఒక్క సెట్టే కదా" అని కానివ్వకండి.

పెద్దవి లోపల, చిన్నవి బయట. పవర్‌లిఫ్టింగ్ పోటీల్లో అన్నిటికంటే లోపలి ప్లేటు అంకె లోపలికి తిరిగి ఉండాలి, మిగతావాటివి బయటికి. జిమ్‌లో మాత్రం అన్నిటి అంకెలూ బయటికి ఉంటేనే మంచిదని నా అభిప్రాయం, పక్కనున్నవాడు కూడా ఒకసారి చదివి చెప్పగలడు. లాక్ వేయకుండా ఎత్తొద్దు. స్ప్రింగ్ లాకులు తేలిగ్గా ఉంటాయి కాబట్టి లెక్కలో కలపక్కర్లేదు. తీసేటప్పుడు ఒకే పక్క అన్నీ లాగేయకండి. రాడ్ రెండో పక్కకి ఒరిగి, ఖాళీ కొస లేచి పక్కవాడి మొహానికి తగులుతుంది. ఇది చూశాను, మళ్లీ చూడాలని లేదు.

రెండు రకాలూ ఉండటం అదృష్టం కూడా

ఇంతసేపూ పౌండ్ ప్లేట్లని తిట్టాను గానీ, ఇప్పుడు నేను వాటిని కావాలనే వాడుతున్నాను. మన జిమ్ముల్లో చాలాచోట్ల అన్నిటికంటే చిన్న ప్లేటు 2.5 కేజీలు. అంటే ఒకసారికి పెంచగలిగేది 5 కేజీలు. స్క్వాట్‌కి అది ఫరవాలేదు. ఓవర్‌హెడ్ ప్రెస్ (రాడ్‌ని తలపైకి ఎత్తడం) 30 కేజీల దగ్గర ఉన్నవాళ్లకి 5 అంటే ఆరో వంతు. ఒకేసారి ఆరో వంతు ఎవరు పెంచగలరు? అక్కడే నెలల తరబడి ఇరుక్కుపోయేవాళ్లని, ముఖ్యంగా ఆడవాళ్లని, చాలామందిని చూశాను. మా జిమ్‌లో ఒక విజయవాడ అమ్మాయి మూడు నెలలు 30 దగ్గరే ఆగిపోయి, ప్రెస్ తన ఒంటికి పడదని తేల్చేసుకుంది.

కేజీ ప్లేటు తీసి దాని దగ్గరి పౌండ్ ప్లేటు పెడితే చిన్న చిన్న మెట్లు వస్తాయి. రెండు పక్కలా మార్చాలి, అది మర్చిపోవద్దు.

20 కేజీల జత తీసి 45 పౌండ్ల జత పెడితే మొత్తం 0.8 కేజీ పెరుగుతుంది. 15 కేజీల జత బదులు 35 పౌండ్ల జత పెడితే 1.75. 10 కేజీల జత బదులు 25 పౌండ్ల జత పెడితే దాదాపు 2.7. ఇక 2.5 పౌండ్ల బుజ్జి ప్లేట్లు మీ జిమ్‌లో ఏ మూలనో ఉంటే వాటిని దాచుకోండి, జత కలిపితే 2.27 కేజీలు.

ఆ విజయవాడ అమ్మాయి రాడ్ 20, పక్కకి 5. అంటే 30. మేం 5 కేజీల ప్లేట్లు అలాగే ఉంచి పక్కకి ఒక 2.5 పౌండ్ల ప్లేటు చేర్చాం, 32.27 అయింది. అది రెండు వారాలు. తర్వాత 35. ఆ తర్వాత 5 బదులు పక్కకి 10 కేజీల ప్లేటు, 40. ఆ పైన 10 తీసి 25 పౌండ్లవి పెట్టాం, 42.68. మధ్యలో ఎన్నోసార్లు ఆగింది, కానీ ఒంటికి పడదన్న మాట మళ్లీ రాలేదు.

అమెరికా ప్రోగ్రామ్‌ని మన కేజీల్లోకి మార్చుకోవడం

యూట్యూబ్‌లో చూసేదీ, ఫోన్‌లో దించుకునేదీ ఎక్కువగా పౌండ్ల ప్రోగ్రామే. నోటి లెక్క ఇలా వేయండి. కేజీల్ని పౌండ్లు చేయాలంటే రెట్టింపు చేసి, అందులో పదో వంతు కలపండి. 70 కేజీలు: 140, దానికి 14 కలిపితే 154. అసలు 154.3. పౌండ్ల నుంచి కేజీలకైతే సగం చేసి, ఆ సగంలో పదో వంతు తీసేయండి. 200 పౌండ్లు: 100లోంచి 10 పోతే 90. అసలు 90.7. ఈ లెక్క ఎప్పుడూ పిసరంత తక్కువే చూపిస్తుంది కాబట్టి భయం లేదు.

వాళ్ల మైలురాళ్లు ప్లేట్ల లెక్కన పుట్టినవి. 45 పౌండ్ల రాడ్ కలుపుకుని, పక్కకి ఒక పెద్ద ప్లేటు అంటే 135 పౌండ్లు, రెండు 225, మూడు 315, నాలుగు 405. మన పక్క 20 కేజీల ప్లేట్లతో అవే 60, 100, 140, 180. ఒకటి కాదు సుమా. 225 అంటే 102 కేజీలు, 315 అంటే దాదాపు 143, 405 అంటే 183.7. బరువు పెరిగేకొద్దీ తేడా పెరుగుతుంది. వీడియో చూసి "నేనూ నాలుగు ప్లేట్లు లేపా" అంటే 180కీ 183.7కీ మధ్య ఉన్న ఆ మూడున్నర కేజీల కోసం ఇంకో రెండు నెలలు పట్టొచ్చు.

ఇంతకంటే తెలీకుండా దెబ్బకొట్టేది వేరే ఉంది. "ప్రతిసారీ 5 పౌండ్లు పెంచండి" అని ప్రోగ్రామ్‌లో ఉంటుంది. మనం దాన్ని 2.5 కేజీలనుకుంటాం. 5 పౌండ్లు 2.27 కేజీలే. వారానికి మూడు రోజుల చొప్పున నాలుగు వారాల్లో పన్నెండు సార్లు పెంచితే వాళ్లకి పెరిగేది 27.2 కేజీలు, మనకి 30. ప్రోగ్రామ్ రాసినవాడు అనుకున్నదానికంటే పదో వంతు వేగంగా పోతున్నాం. అందుకే "ఐదో వారంలో ఆగిపోయా" అని దిగులు పడేవాళ్లు ముందు ఈ లెక్క చూసుకోవాలి. పన్నెండు సార్లలో ఒకసారి పెంచకుండా పాత బరువే కొడితే చాలు, దారిలో పడతారు.

ఇక శాతాల్లో ఇచ్చే ప్రోగ్రాములకి అసలు మార్చే పనే లేదు. మీరు ఒక్కసారి ఎత్తగలిగే గరిష్ఠ బరువు కేజీల్లో పెట్టండి, 80 శాతం ఏ దేశంలోనైనా 80 శాతమే.

డైరీ మాత్రం ఒకే యూనిట్‌లో, కేజీల్లో రాయండి. పౌండ్ ప్లేట్లు వాడిన రోజున కూడా కేజీల్లోకి మార్చి, పక్కన ఏ ప్లేట్లో చిన్నగా గుర్తు పెట్టుకోండి. "42.7 (25 ఆకుపచ్చ జత)" అని నేను రాసుకుంటాను. 42.7ని 45 అని రాసుకోవాలని చేయి దురద పెడుతుంది. రాయకండి, వచ్చే వారం అసలు 45 ముందు నిలబడాల్సింది మీరే. రెండున్నర కేజీలంటే చిన్న ముక్క అనుకోవద్దు. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట నుంచి వెళ్లిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్ వెయిట్‌లిఫ్టింగ్‌లో రెండు రకాల ఎత్తుల్లో 110, 130 కలిపి 240 ఎత్తి కాంస్యం గెలిచింది. బంగారం, వెండి గెలిచిన ఇద్దరివీ 242.5. అప్పట్లో మొత్తాన్ని 2.5 లెక్కన చూసేవారు కాబట్టి మధ్యలో ఉన్నది ఒక్క మెట్టే. 2005 నుంచి 1 కేజీ చొప్పున పెంచుకోనిస్తున్నారు.

కొనుక్కునేవాళ్లకి

ఇంట్లో పెట్టుకుందామనుకుంటే కేజీ ప్లేట్లే కొనండి, అందులో రెండో ఆలోచన వద్దు. మన దగ్గర ప్లేట్లు కేజీకి ఇంత అని అమ్ముతారు కాబట్టి తూచి తీసుకునే హక్కు మీకుంది. బిల్లులో 20 కేజీల ప్లేటుకి డబ్బులు కట్టి 19 కేజీల ఇనుము ఎందుకు తెచ్చుకోవాలి? రాడ్ కొన్నాకే ప్లేట్లు కొనండి, బొక్క సైజు చూసుకోకుండా కొని ఇబ్బంది పడ్డవాళ్లు నాకు ముగ్గురు తెలుసు. 1.25 కేజీల జత ఒకటి తప్పకుండా తీసుకోండి.

సెకండ్ హ్యాండ్‌లో 25 పౌండ్ల పాత ప్లేట్లు చవగ్గా వస్తే మాత్రం నేను కాదనను. వాటి మీద నాకో మమకారం. పాత మద్రాసు తూకంలో 8 వీశెలు ఒక మణుగు, ఆ మద్రాసు మణుగు దాదాపు 25 పౌండ్లు. 1962కల్లా మెట్రిక్ తప్పనిసరి అయ్యేదాకా ఈ ఊళ్లో చింతపండూ బెల్లమూ తూగింది ఆ లెక్కలోనే. నేను పక్కకి ఒక ఆకుపచ్చ ప్లేటు ఎక్కించినప్పుడల్లా మా తాత "రెండు మణుగులు ఎత్తావురా" అనేవాడేమో అనిపిస్తుంది.

చివరి పని: అన్నీ తూచి గుర్తులు వేయడం

పోటీ ప్లేట్లకి కఠినమైన నియమం ఉంటుంది. వెయిట్‌లిఫ్టింగ్‌లో 5 కేజీలకి పైబడిన ప్లేటు నూటికి 0.1 కంటే ఎక్కువ ఉండకూడదు, 0.05 కంటే తగ్గకూడదు. అంటే 20 కేజీల ప్లేటు మహా అయితే 20 గ్రాములు ఎక్కువ, 10 గ్రాములు తక్కువ. మామూలు పోత ఇనుముకి ఆ నియమం ఎవరూ పెట్టలేదు. కాబట్టి మనమే తూచుకోవాలి.

మాస్టర్‌ని ఒప్పించడానికి నాకు నెల పట్టింది. "అదెల్లాం ఎదుకు తంబీ" (అదంతా ఎందుకు తమ్ముడూ) అని నవ్వేవారు. నేను ఆ రోజు ఎక్కించిన నాలుగు ప్లేట్లూ ఆయన ముందు మిషన్ మీద పెట్టి చూపించాక నవ్వు ఆగింది. ఒక ఆదివారం జిమ్ మూసి, నలుగురం కూర్చున్నాం. ఒకడు ప్లేటు పట్టుకుని మిషన్ ఎక్కడం, ఒకడు అంకె చదవడం, ఒకడు రాయడం, మాస్టర్ పెయింట్. చిన్న ప్లేట్లకి మాత్రం వంటింటి కాటా తెచ్చాం, పెద్ద మిషన్ వాటిని సరిగ్గా పట్టుకోదు. ప్రతి ప్లేటు మీదా అసలు బరువు కేజీల్లో, ఒక్క దశాంశం దాకా. పౌండ్ ప్లేట్లకి అంచున తెల్ల గీత. దగ్గరి బరువులున్న వాటిని జత కట్టి ఒకే అక్షరం వేశాం: అ జత, ఆ జత, ఇ జత. తెలుగు అక్షరాలే ఎందుకంటే పెయింట్ బ్రష్ పట్టుకున్న మాస్టర్‌కి మాలో ఒకడు పక్కన కూర్చుని రాసిచ్చింది అవే. ఇప్పుడు తమిళ కుర్రాళ్లు కూడా "ఇ జత ఎక్కడ అన్నా" అని అడుగుతారు.

మొత్తం 62 ప్లేట్లలో 20 అని ఉన్న ఒకటి 18.6 తూగింది. మూడు సార్లు తూచాం, మిషన్‌నీ బాటిళ్లతో పరీక్షించాం, అదే అంకె. దానికి జత దొరకలేదు. ప్రస్తుతం అది సెల్లార్ మెట్ల దగ్గర, గాలికి తలుపు కొట్టుకోకుండా అడ్డం ఉంది.